యాంటీబాడీ అంటుకుంటోంది సరే, అడ్డుకుంటోందా? తేల్చుకునే పద్ధతి

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నా టేబుల్ దగ్గరకు తెచ్చే మొదటి గ్రాఫు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అడ్డంగా యాంటీబాడీ గాఢత, నిలువుగా సిగ్నల్, మధ్యలో ఎస్ ఆకారంలో ముచ్చటైన వంపు. "మేడమ్, బైండింగ్ సూపర్‌గా ఉంది" అంటారు. ఉంది, కాదనను. నేను అడిగేది వేరు: ఇది దేన్ని ఆపుతోంది? అక్కడ చాలామంది నీళ్లు నములుతారు.

కణితిని పెంచే ప్రోటీన్‌కు అంటుకోవడం ఒక పని, ఆ ప్రోటీన్ చేసే పనిని ఆపడం ఇంకో పని. ఒకడి భుజం గట్టిగా పట్టుకున్నంత మాత్రాన వాడి నోరు మూసినట్టు కాదు కదా. అంటుకునే యాంటీబాడీలు బోలెడు దొరుకుతాయి. వాటిలో ఆపేవి కొన్నే. కొన్నయితే ఆపకపోగా ఆ ప్రోటీన్‌ను ఇంకాస్త రెచ్చగొడతాయి. ఈ మూడు రకాలనూ బైండింగ్ గ్రాఫు విడదీసి చూపించదు. విడదీసేందుకు నేను ఏ వరసలో ఏం చేయమంటానో, ఎక్కడెక్కడ బోల్తా పడతారో రాస్తున్నాను. ల్యాబ్ పని కొద్దో గొప్పో తెలిసిన విద్యార్థులు, కొత్తగా యాంటీబాడీ ప్రాజెక్టు చేతికొచ్చినవాళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకుంటే చాలా రీఏజెంట్లు, చాలా వారాలు మిగులుతాయి.

ముందు కాగితం మీద బొమ్మ వేయండి

పైపెట్ ముట్టుకోకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని టార్గెట్ బొమ్మ గీయండి. అందంగా ఉండక్కర్లేదు. సంకేతం ఎక్కడ మొదలవుతోంది, ఎవరు వచ్చి ఎవరికి అంటుకుంటున్నారు, మీ యాంటీబాడీ ఎక్కడ కూర్చుంటోంది, ఇవి కనబడితే చాలు.

ఈజీఎఫ్‌ఆర్‌నే తీసుకోండి. కణం పొర మీద ఉండి బయటి కబురును లోపలికి చేరవేసే రిసెప్టర్ ఇది. రిసెప్టర్‌కు అంటుకుని ఆ కబురు మొదలుపెట్టే ప్రోటీన్‌ను లిగాండ్ అంటాం, ఇక్కడ అది ఈజీఎఫ్. కణం బయటకు ఉన్న భాగంలో నాలుగు డొమైన్లు. లిగాండ్ లేనప్పుడు రెండోది, నాలుగోది ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల రిసెప్టర్ ముడుచుకుని ఉంటుంది. ఈజీఎఫ్ వచ్చి ఒకటో, మూడో డొమైన్ల మధ్య కూర్చోగానే అది విప్పారుతుంది. అప్పటిదాకా దాగి ఉన్న రెండో డొమైన్ చేయి బయటపడి పక్క రిసెప్టర్‌తో జత కడుతుంది. జత కుదరగానే కణం లోపలి కైనేజ్ భాగాలు, అంటే ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైములు, పనిలోకి దిగుతాయి. టైరోసిన్ల మీద ఫాస్ఫేట్లు పడతాయి. అక్కడి నుంచి రాస్, ఎర్క్, ఏకేటీ దారుల్లో "విభజించు, చావకు" అనే కబురు లోపలికి వెళుతుంది.

సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు కూర్చునేది మూడో డొమైన్ మీద. ఈజీఎఫ్ అంటుకునే చోటులో కొంత భాగం దాని కిందకు పోతుంది. అంతేకాదు, రిసెప్టర్ పూర్తిగా విప్పారకుండా కూడా అది అడ్డం పడుతుంది. సైజులు చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఈజీఎఫ్ 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, బరువు 6 కిలోడాల్టన్ల చుట్టుపక్కల. ఐజీజీ యాంటీబాడీ దాదాపు 150 కిలోడాల్టన్లు. అంత భారీ శాల్తీ పక్కన కూర్చుంటే, అసలు చోటును తాకకపోయినా దారి మూసుకుపోవచ్చు. కాబట్టి "మా యాంటీబాడీ లిగాండ్ కూర్చునే చోటే కూర్చోవడం లేదు, ఇక పనికిరాదు" అని తొందరపడి పక్కన పడేయకండి.

బెవాసిజుమాబ్ అనే ఇంకో యాంటీబాడీ మందు దారి వేరు. అది రిసెప్టర్ జోలికే పోదు. కణితి తనకు రక్తనాళాలు రప్పించుకోవడానికి వదిలే వీఈజీఎఫ్-ఏ అనే ప్రోటీన్‌నే దారిలో పట్టేసి, రిసెప్టర్లకు అందకుండా చేస్తుంది. సెటుక్సిమాబ్, బెవాసిజుమాబ్ రెండింటికీ అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2004 ఫిబ్రవరిలోనే. రెండూ అడ్డుకునేవే. కానీ వాటిని పరీక్షించే పద్ధతి ఒకటి కాదు. ఒకదానికి రిసెప్టర్ ఉన్న కణితి కణాలు కావాలి. రెండోదానికి వీఈజీఎఫ్ పోస్తే పెరిగే రక్తనాళపు కణాలు, అంటే హువెక్ కణాలు కావాలి. మొదటిదానికి వాడిన కణితి కణాల మీద బెవాసిజుమాబ్ పోసి "ఏం జరగలేదు" అని రాస్తే తప్పు మందుది కాదు.

ఇక హెర్2, ఈజీఎఫ్‌ఆర్ కుటుంబంలోని ఇంకో రిసెప్టర్. బొమ్మ ఎందుకు వేయమంటానో ఇక్కడ తెలుస్తుంది. హెర్2కు తెలిసిన లిగాండ్ ఏదీ లేదు. అది ఎప్పుడూ విప్పారిన స్థితిలోనే, జత కోసం చేయి చాచుకుని ఉంటుంది. అలాంటప్పుడు లిగాండ్‌ను అడ్డుకునే ఎలైజా (ఏది దేనికి అంటుకుందో ప్లేటులో రంగు ద్వారా చూపే పరీక్ష) పెడతానని ప్లాన్ రాసుకొస్తే ఏం చెప్పాలి? ఆపాల్సింది జత కట్టడాన్ని. పెర్టుజుమాబ్ చేసేది అదే. రెండో డొమైన్ మీద, సరిగ్గా జత కుదిరే చోట కూర్చుని, అదే కుటుంబంలోని హెర్3తో పొత్తు చెడగొడుతుంది. ట్రాస్టుజుమాబ్ మాత్రం కణపొరకు దగ్గరగా నాలుగో డొమైన్ మీద కూర్చుంటుంది. హెరెగులిన్ అనే లిగాండ్ వచ్చి హెర్3ని తట్టినప్పుడు ఏర్పడే జతను అది పెద్దగా ఆపలేదు. దాని బలం వేరేచోట ఉంది: లిగాండ్ లేకుండానే హెర్2 కట్టే జతలను చెదరగొట్టడం, బయటి భాగం తెగిపోకుండా చూడడం, రోగనిరోధక కణాలను పిలవడం.

ఒకే ప్రోటీన్, రెండు వేర్వేరు చోట్లు, రెండు వేర్వేరు పనులు. ఒకదానికొకటి పోటీ కాదు కాబట్టి రెండింటినీ కలిపి ఇవ్వొచ్చు. క్లియోపాత్రా ట్రయల్‌లో, వ్యాపించిన హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్, కీమో మందు డోసిటాక్సెల్‌లకు పెర్టుజుమాబ్ కూడా జోడించినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 56.5 నెలలు, జోడించనివాళ్లది 40.8 నెలలు. యాంటీబాడీ ఎక్కడ కూర్చుంటుందన్నది అంత ముఖ్యం.

బొమ్మ కింద ఒక్క వాక్యం రాయండి: "ఈ యాంటీబాడీ ఫలానా దానికి అంటుకుని, ఫలానా కలయికను ఆపాలి." ఆ వాక్యం రాయలేకపోతే ప్రయోగం మొదలుపెట్టకండి.

అంటుకోవడం: చూసి ముందుకు సాగండి

దీని మీద ఎక్కువ రాయను. ఎస్‌పీఆర్ మెషీన్ (ప్రోటీన్లు అంటుకోవడాన్ని, విడిపోవడాన్ని నేరుగా కొలిచేది) ఉంటే యాంటీబాడీని చిప్ మీద పట్టి ఉంచి, టార్గెట్ ప్రోటీన్‌ను పై నుంచి పారించండి. తిరగేసి చేస్తే, అంటే టార్గెట్‌ను చిప్ మీద పెట్టి యాంటీబాడీని పారిస్తే, యాంటీబాడీకి ఉన్న రెండు చేతులూ ఒకేసారి పట్టుకుని అసలు కన్నా బలంగా ఉన్నట్టు కనబడుతుంది. నంబరు బాగా వస్తుంది గానీ అది నిజం నంబరు కాదు. వీఈజీఎఫ్ లాంటి ప్రోటీన్ తానే జతగా ఉంటుంది కాబట్టి దాంతో ఇంకా జాగ్రత్త.

కేడీ (పట్టు బలాన్ని చెప్పే అంకె, ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది) ఒక్కటే చూసి ఆగొద్దు. విడిపోయే వేగం చూడండి, అడ్డుకోవడానికి అసలు పనికొచ్చేది అదే. విడిపోయే రేటు సెకనుకు 0.001 అయితే పట్టులో సగం పదకొండున్నర నిమిషాల్లో వదిలిపోతుంది. 0.0001 అయితే దాదాపు రెండు గంటలు నిలుస్తుంది. కణితిలో లిగాండ్ ఒకసారి వచ్చి వెళ్లిపోదు, ఊరుతూనే ఉంటుంది. పది నిమిషాల్లో చేయి వదిలే యాంటీబాడీకి కేడీ ఎంత బాగున్నా నేను మార్కులు వేయను. ఒక చిన్న హెచ్చరిక: సిగ్నల్ కనీసం 5 శాతం పడేదాకా చూడకుండా విడిపోయే రేటు రాసేయకండి. 0.0001కు ఆ 5 శాతం పడడానికి సుమారు 500 సెకన్లు చాలు. 0.00001 అని చెప్పుకోవాలంటే గంటన్నర దాకా చూడాలి. మూడు నిమిషాలు చూసి మెషీన్ ఇచ్చిన అంకె కాపీ చేసినవాళ్లు నాకు ఇట్టే దొరికిపోతారు.

తర్వాత కణాల మీద ఫ్లో సైటోమెట్రీ, అంటే ఒక్కో కణానికీ ఎంత యాంటీబాడీ అంటుకుందో వెలుగుతో కొలవడం. టార్గెట్ ఉన్న కణాలు ఒకటి, లేని కణాలు ఒకటి. ఈజీఎఫ్‌ఆర్‌కు అయితే అది లేని సీహెచ్‌ఓ కణాలు, అదే సీహెచ్‌ఓలో ఈజీఎఫ్‌ఆర్ జీన్ పెట్టిన కణాలు వాడితే పోలిక శుభ్రంగా వస్తుంది. కణాలను ప్లేటు నుంచి ట్రిప్సిన్‌తో లేపితే పైనున్న ప్రోటీన్లు కూడా తెగొచ్చు, ఈడీటీఏతో లేపండి. మొత్తం పని మంచు మీద చేయండి. వెచ్చగా ఉంటే కణం యాంటీబాడీని రిసెప్టర్‌తో సహా లోపలికి లాగేసుకుంటుంది.

అడ్డుకునే ఎలైజా: రంగు పోవడమే గెలుపు, చిక్కు కూడా అక్కడే

మామూలు ఎలైజాలో రంగు వస్తే సంతోషిస్తాం. ఇక్కడ రంగు పోతే సంతోషించాలి. అందుకే ఈ పరీక్షంటే నాకు అనుమానం. రంగు రావడానికి ఒకటే కారణం ఉంటుంది, పోవడానికి పది ఉంటాయి. సరిగా కడగకపోయినా, ప్లేటు మీది ప్రోటీన్ ఊడిపోయినా, బఫర్ పాడైనా రంగు పోతుంది. అన్నీ విజయంలాగే కనబడతాయి.

పద్ధతి ఇది. రిసెప్టర్ బయటి భాగాన్ని మిల్లీలీటరుకు 1 నుంచి 2 మైక్రోగ్రాముల చొప్పున పీబీఎస్‌లో కలిపి, 96 వెల్స్ ప్లేటులో వెల్‌కు 100 మైక్రోలీటర్లు వేసి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. మర్నాడు ట్వీన్ కలిపిన పీబీఎస్‌తో కడిగి, ఖాళీగా మిగిలిన చోట్లను బీఎస్‌ఏతో గంటసేపు కప్పండి. ఆ తర్వాత యాంటీబాడీని మూడో వంతు, మూడో వంతు చొప్పున పలచన చేసుకుంటూ వేయండి. దాని మీద బయోటిన్ తగిలించిన లిగాండ్. కడిగి, బయోటిన్‌ను పట్టుకుని రంగు తెప్పించే స్ట్రెప్టావిడిన్-హెచ్‌ఆర్‌పీ. మళ్లీ కడిగి టీఎంబీ వేస్తే నీలం రంగు వస్తుంది. ఆమ్లంతో ఆపితే పసుపుకు తిరుగుతుంది, 450 నానోమీటర్ల దగ్గర చదవాలి.

ఇంతవరకూ కిట్ కాగితంలో కూడా ఉంటుంది. ఉండనివి చెప్తాను.

లిగాండ్ ఎంత వేయాలన్నది ముందు తేల్చుకోండి. యాంటీబాడీ లేకుండా లిగాండ్ ఒక్కదాన్నే పలచన చేసుకుంటూ ఒక ప్లేటు చేసి, గరిష్ఠ సిగ్నల్‌లో 50 నుంచి 80 శాతం ఇచ్చే గాఢత ఎంచుకోండి. సిగ్నల్ బాగా రావాలని లిగాండ్ దండిగా పోస్తే మంచి యాంటీబాడీ కూడా చేతకానిదిగా కనబడుతుంది. లెక్క సులభం. యాంటీబాడీ, లిగాండ్ ఒకే చోటు కోసం పోటీ పడుతుంటే, లిగాండ్‌ను దాని కేడీ అంత గాఢతలో వాడినప్పుడు ఐసీ50 (సిగ్నల్‌ను సగానికి దించే యాంటీబాడీ గాఢత) అసలు విలువకు రెండింతలు వస్తుంది. పది రెట్లు వాడితే పదకొండింతలు. అందుకే లిగాండ్ గాఢత రాయని ఐసీ50ని నేను చూడను కూడా చూడను.

దీనికి రెండో కొస ఒకటుంది. టార్గెట్ ఎక్కువగా ఉన్నప్పుడు ఐసీ50 ఒక హద్దు దాటి కిందకు దిగలేదు. వెల్‌లో 10 నానోమోలార్ వీఈజీఎఫ్ బైండింగ్ చోట్లు ఉన్నాయనుకోండి, వాటిలో సగం నింపాలంటే 5 నానోమోలార్ చేతులు కావాలి, అంటే రెండు చేతులున్న యాంటీబాడీ కనీసం 2.5 నానోమోలార్. మీ యాంటీబాడీ నిజానికి వంద రెట్లు మెరుగైనదైనా పరీక్షలో 2.5 అనే వస్తుంది. పది క్లోన్లకూ, అంటే పది వేర్వేరు యాంటీబాడీలకూ, ఒకే ఐసీ50 వస్తే అవన్నీ సమానమని పొంగిపోకండి. పరీక్ష అడుగు తగిలిందన్నమాట. ఐజీజీకి మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము అంటే 6.7 నానోమోలార్, ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

బయోటిన్ తగిలించాక లిగాండ్ పనిచేస్తోందో లేదో చూడండి. అది సాధారణంగా లైసిన్లకు అంటుకుంటుంది. రిసెప్టర్‌ను తాకే చోటే లైసిన్ ఉంటే లిగాండ్ అక్కడే కుంటిదైపోతుంది.

రిసెప్టర్‌ను మానవ యాంటీబాడీ తోక, అంటే ఎఫ్‌సీతో కలిపి కొన్నారా? అయితే ఆ ప్లేటు మీద యాంటీ-హ్యూమన్ ఎఫ్‌సీ సెకండరీ (ఆ తోకను పట్టుకునే రెండో యాంటీబాడీ) వాడకండి. ముందు అది ప్లేటునే పట్టుకుంటుంది, ప్రతి వెల్ వెలిగిపోతుంది.

కంట్రోళ్లు నాలుగు లేకుండా ఈ ప్లేటు నా దగ్గరకు తేవొద్దు. ఒకటి, బయోటిన్ లేని అదే లిగాండ్: పోటీలో రంగు పోవాలి. రెండు, అదే రకం ఐజీజీ, వేరే టార్గెట్‌ది: రంగు పోకూడదు. మూడు, యాంటీబాడీ లేని బఫర్ ఒక్కటే, అదీ మీ యాంటీబాడీ ఏ బఫర్‌లో ఉందో సరిగ్గా అందులోనే. శుద్ధి చేసే ప్రోటీన్-ఏ కాలమ్ నుంచి ఆమ్లంతో దించిన యాంటీబాడీని సరిగా తటస్థం చేయకపోతే ఈ వెల్ చెప్పేస్తుంది. నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం, చాలామంది పెట్టనిది: అదే టార్గెట్‌కు వేరే చోట అంటుకుని, అడ్డుకోదని ముందే తెలిసిన యాంటీబాడీ. అది వేసినా రంగు నిలిస్తే మీ పరీక్ష అంటుకోవడానికీ అడ్డుకోవడానికీ తేడా చూపగలుగుతోందని నమ్ముతాను. అది కూడా రంగు చంపేస్తే ఆ ప్లేటులో మిగతా ఏ అంకెనూ నమ్మను.

వంపు కిందకు దిగుతూ దిగుతూ మధ్యలో, 40 శాతం దగ్గర అనుకుందాం, ఆగిపోయి ఎంత యాంటీబాడీ పోసినా కదలకపోతే దాన్ని దాచొద్దు. ఐసీ50 ఒక్కటే రాస్తే ఆ సంగతి మరుగున పడుతుంది. అది పూర్తిగా మూయని యాంటీబాడీ కావచ్చు, పక్కన కూర్చుని లిగాండ్ పట్టును సడలిస్తున్నది కావచ్చు. ఎంతవరకు దిగిందో కూడా రాయండి. యాంటీబాడీని ముందు వేసి ఒకసారి, లిగాండ్‌తో కలిపి ఒకేసారి వేసి ఇంకోసారి చేస్తే ఇంకొంత తెలుస్తుంది. ముందు వేస్తేనే పనిచేసి, కలిపి వేస్తే తేలిపోయేదానికి నా అభిప్రాయంలో ముందుకెళ్లే అర్హత తక్కువ.

కణం లోపల సంకేతం ఆగిందా?

ఎలైజా దాటినవాటినే కణాల మీదకు తీసుకెళ్లండి. ఈజీఎఫ్‌ఆర్‌కు ఏ431 అనే క్యాన్సర్ కణాలు అందరూ వాడతారు, వాటి మీద ఆ రిసెప్టర్ విపరీతంగా ఉంటుంది. రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచండి. సీరమ్‌లో గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి, వాటితో ముందే వెలిగి ఉన్న సంకేతం మీద మీరిచ్చే ఈజీఎఫ్ ప్రభావం కనబడదు. మర్నాడు యాంటీబాడీ గంటసేపు, తర్వాత ఈజీఎఫ్ 5 నుంచి 10 నిమిషాలు, అంతే. ఈ సంకేతం నిమిషాల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది. టీ తాగొచ్చి ఆపుదామంటే కుదరదు. ప్లేటును వెంటనే మంచు మీద పెట్టి, చల్లని పీబీఎస్‌తో కడిగి, కణాలను లైసిస్ బఫర్‌తో పగలగొట్టాలి.

ఆ బఫర్‌లో సోడియం ఆర్థోవనడేట్ ఉండాలి, లేకపోతే కణంలోని ఫాస్ఫటేజులు మీరు కొలవాల్సిన ఫాస్ఫేట్లను క్షణాల్లో కోసేస్తాయి. స్టాక్ తయారుచేసేటప్పుడు పీహెచ్ 10కి తెచ్చి, పసుపు పోయి నీళ్లలా అయ్యేదాకా మరిగించి, చల్లారాక మళ్లీ పీహెచ్ సరిచేయాలి. మళ్లీ పసుపు తిరిగితే మళ్లీ మరిగించాలి. పసుపు రంగు వనడేట్ వాడిన బ్లాట్‌లో (ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్) ఫాస్ఫో బ్యాండ్లు మాయమైతే యాంటీబాడీకి క్రెడిట్ ఇచ్చేస్తారు, అది వనడేట్ చేసిన మోసం.

బ్లాట్ మీద ఫాస్ఫో-ఈజీఎఫ్‌ఆర్, ఫాస్ఫో-ఎర్క్, ఫాస్ఫో-ఏకేటీ చూడండి. దాంతోపాటు మొత్తం ఈజీఎఫ్‌ఆర్ కూడా తప్పనిసరి. చాలా యాంటీబాడీలు రిసెప్టర్‌ను కణం లోపలికి లాగి నాశనం చేయిస్తాయి. ఫాస్ఫో తగ్గింది, మొత్తం కూడా అంతే తగ్గింది అంటే మీది లిగాండ్‌ను అడ్డుకోవడం కాదు, రిసెప్టర్‌నే మాయం చేయడం. మందుగా అదీ మంచిదే. కానీ కాగితం మీద మీరు రాసిన వాక్యం మారాలి.

లిగాండ్ లేకుండా యాంటీబాడీ ఒక్కదాన్నే వేసి చూడండి

ఈ ఒక్క వెల్ పెట్టడానికి ఎందుకు బద్ధకమో నాకు అర్థం కాదు. చాలా గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్లు రెండు కలిసి జతైతేనే వెలుగుతాయి. ఐజీజీకి ఉన్నవి రెండు చేతులు. ఒక్కో చేత్తో ఒక్కో రిసెప్టర్‌ను పట్టుకుని దగ్గరకు లాగితే, లిగాండ్ చేయాల్సిన పని యాంటీబాడీయే చేసినట్టవుతుంది.

మెట్ అనే రిసెప్టర్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. హెచ్‌జీఎఫ్ దానికి లిగాండ్. హెచ్‌జీఎఫ్‌ను అడ్డుకునే ఒక యాంటీబాడీ దొరికింది, కానీ రెండు చేతులతో ఉన్నప్పుడు అది మెట్‌ను వెలిగించేది. ఒక్క చేయి ముక్కగా కోసినప్పుడు మాత్రం చక్కగా అడ్డుకునేది. అందుకే ఒంటి చేయి యాంటీబాడీగా ఒనార్టుజుమాబ్‌ను రూపొందించారు. ఇంజినీరింగ్ అద్భుతం. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మూడో దశ ట్రయల్ ఫలితం ఇవ్వక 2014లో ఆగిపోయింది. అడ్డుకోవడం వేరు, రోగికి మేలు జరగడం వేరు, ఆ రెండో దూరం ఎలైజాలో కొలవలేం.

కాబట్టి లిగాండ్ లేని వెల్స్‌లో యాంటీబాడీ ఒక్కదాన్నే, తక్కువ నుంచి ఎక్కువ దాకా వేయండి. వెలిగించే గుణం తరచూ మధ్య గాఢతల్లోనే బయటపడుతుంది. మరీ ఎక్కువైతే ఒక్కో రిసెప్టర్‌కు ఒక్కో యాంటీబాడీ దొరికి జతలు తగ్గిపోతాయి. పెద్ద మోతాదు ఒక్కటే చూస్తే ఇది తప్పించుకుంటుంది. అనుమానం వస్తే పపైన్ ఎంజైమ్‌తో కోసి ఒక్క చేయి ముక్క, అంటే ఫ్యాబ్ చేసి పక్కపక్కన పోల్చండి.

పెరుగుదల పరీక్ష

ఇక్కడ ఓపిక కావాలి. 4, 5 రోజులు పడుతుంది. మొదట మీ యాంటీబాడీ సీసా లేబుల్ చదవండి. సోడియం అజైడ్ ఉందా? నిల్వ కోసం 0.02 నుంచి 0.1 శాతం దాకా కలుపుతారు. కణాలకు అది విషం, శ్వాసక్రియనే దెబ్బతీస్తుంది. అజైడ్ ఉన్న యాంటీబాడీ ప్రతి క్యాన్సర్ కణాన్నీ "ఆపుతుంది". టార్గెట్ లేని కణాల్నీ ఆపుతుంది, అక్కడే దొరికిపోతుంది. డయాలిసిస్ చేసి వాడండి, టార్గెట్ లేని కణాలను ఎప్పుడూ పక్కన పెట్టండి. ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషం) కూడా చూసుకోవాలి.

కణాల ఎంపికలో ఒక వింత. సంకేతం చూడడానికి అంత బాగా పనికొచ్చిన ఏ431 కణాలకు ఈజీఎఫ్ ఎక్కువ పోస్తే పెరగాల్సింది పోయి పెరుగుదల తగ్గుతుంది. అక్కడ మంచి యాంటీబాడీ వేస్తే కణాల సంఖ్య పెరిగినట్టు కనబడినా ఆశ్చర్యం లేదు. తెలియనివాళ్లు ఆ ఫలితం చూసి టెన్షన్ పడిపోతారు. హెర్2కు అయితే బీటీ-474, ఎస్‌కే-బీఆర్-3 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు వాడండి. ట్రాస్టుజుమాబ్‌తో అవి నెమ్మదిస్తాయి, ప్లేటు ఖాళీ అయిపోదు. సున్నాకు పడిపోయిన వంపు వస్తే నాకు సంతోషం కన్నా అనుమానం ఎక్కువ.

కేరాస్ సంగతి మరవొద్దు, రిసెప్టర్ కింద కబురు మోసే రాస్ ప్రోటీన్లలో అదొకటి. ఎస్‌డబ్ల్యూ480 పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో కేరాస్ జీన్ మ్యుటేషన్‌తో ఎప్పుడూ వెలిగే ఉంటుంది. పైన ఈజీఎఫ్‌ఆర్‌ను ఎంత గట్టిగా మూసినా కింద నుంచి కబురు వెళుతూనే ఉంటుంది. బైండింగ్ ఉంటుంది, రిసెప్టర్ కూడా మూతపడుతుంది, పెరుగుదల మాత్రం ఆగదు. ఆసుపత్రిలోనూ ఇదే కథ. ఇలాంటి మ్యుటేషన్ ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు సెటుక్సిమాబ్ వద్దని 2009లో ఎఫ్‌డీఏ లేబుల్ మార్చింది. అందుకే మందు మొదలుపెట్టే ముందు కణితికి రాస్ పరీక్ష చేస్తారు.

ఇంకో లోటు: ప్లేటులో రోగనిరోధక కణాలు లేవు. ఐజీజీ1 తోకను పట్టుకుని నేచురల్ కిల్లర్ కణాలు కణితి కణాన్ని చంపుతాయి. యాంటీబాడీ తోకను గుర్తించే, రోగనిరోధక కణాలను పనిలోకి దించే ఎఫ్‌సీ రిసెప్టర్లు లేని ఎలుకల్లో ట్రాస్టుజుమాబ్ ప్రభావం చాలావరకు పోయిందని 2000లోనే ప్రయోగంలో తేలింది. ప్లేటులో ఓ మోస్తరుగా కనబడిన యాంటీబాడీ శరీరంలో మెరుగ్గా పనిచేయడానికి ఇదొక కారణం. అడ్డుకోవడం ఎంత, చంపించడం ఎంత అని విడదీయాలంటే తోక పనిచేయకుండా మార్చిన అదే యాంటీబాడీని పక్కన నడపాలి.

ఎలుకల దాకా వెళ్లేముందు

మానవ కణితిని ఎలుకలో పెంచి మందు పరీక్షించినప్పుడు, కణితి మనిషిది, దాని చుట్టూ ఉన్న కణజాలం, రక్తనాళాలు ఎలుకవి. బెవాసిజుమాబ్ మనిషి వీఈజీఎఫ్‌ను పట్టుకుంటుంది, ఎలుక వీఈజీఎఫ్‌ను దాదాపు పట్టించుకోదు. కాబట్టి ఎలుక కణాలు వదిలే వీఈజీఎఫ్ కణితికి అందుతూనే ఉంటుంది, మందు అసలు కన్నా బలహీనంగా కనబడొచ్చు. హెచ్‌జీఎఫ్‌తో ఇంకో తంటా. ఎలుక హెచ్‌జీఎఫ్ మనిషి మెట్‌ను సరిగా వెలిగించదు. వెలగని దాన్ని మీ యాంటీబాడీ ఏం ఆపుతుంది?

దుష్ప్రభావాల విషయంలో ఇది ఇంకా మోసం చేస్తుంది. సెటుక్సిమాబ్ ఎలుక ఈజీఎఫ్‌ఆర్‌కు అంటుకోదు. ఎలుక చర్మం నిగనిగలాడుతూనే ఉంటుంది. అదే మందు తీసుకున్న మనుషుల్లో చాలామందికి మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి, ఎందుకంటే చర్మానికీ ఆ రిసెప్టర్ కావాలి. బెవాసిజుమాబ్‌తో బీపీ పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం కూడా ఇలాంటివే. ఆ ప్రోటీన్ కణితి సొంత ఆస్తి కాదు, మామూలు కణాలకూ దాంతో పనుంటుంది. "ఎలుకలో ఏ హానీ కనబడలేదు" అని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో రాసేముందు ఎలుక ప్రోటీన్‌కు మీ యాంటీబాడీ అంటుకుంటుందో లేదో చూడండి.

చూడడం పెద్ద పనేం కాదు. ఎస్‌పీఆర్‌లో మనిషి ప్రోటీన్ పక్కనే ఎలుక ప్రోటీన్, కోతి ప్రోటీన్ పారిస్తే సరిపోతుంది. ఎలుకదానికి అంటుకోకపోతే రెండు దారులున్నాయి. ఎలుక ప్రోటీన్‌ను అదే చోట పట్టుకునే ప్రత్యామ్నాయ యాంటీబాడీ ఒకటి తెచ్చుకోవాలి, లేదా మనిషి జీన్ పెట్టిన ఎలుకలు వాడాలి. రెండింటికీ ఖర్చుంది, సమయం పడుతుంది. ఏది కావాలో తేల్చుకుని ప్రొటోకాల్‌లో రాసుకున్నాకే ఎలుకలకు ఆర్డర్ పెట్టండి.